మౌంటెన్‌బోర్డు 90 తీసుకోవాలా 100 తీసుకోవాలా? పొడుగైతే వణుకు తగ్గుతాదా?

నాగావళి గుంటడు:
అందరికీ నమస్కారం అండి. మాది రాయగడ. ఆరు నెలలుగా మా బావ మౌంటెన్‌బోర్డు (గాలి టైర్లతో కొండ దారుల్లో దిగే స్కేట్‌బోర్డు) మీద నేర్చుకుంటన్నాను, 90 సెం.మీ డెక్ (నిలబడే పలక), 8 అంగుళాల గాలి టైర్లు, బుష్‌లు (రబ్బరులాంటి మెత్తని ముక్కలు) ఉండే స్కేట్ రకం ట్రక్కులు (ఇరుసుల్ని పట్టుకుని, వంగినప్పుడు చక్రాల్ని తిప్పే భాగాలు). ఇప్పుడు బావ ఉద్యోగం మీద భువనేశ్వర్ ఎల్లిపోతన్నాడు, బోర్డు కూడా పట్టుకెల్లిపోతాడంట, అందుకని సొంతానికి ఒకటి తెప్పించుకోవాల. మన సైకిల్ షాపుల్లో దొరికే సామాను కాదు కదా, ఒకసారి తప్పు కొన్నామంటే ఇంక దానితోనే కాపురం.

నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 62 కేజీలు. నేను దిగేది మా ఊరి జీడితోటల పక్కన మొరం దారి, మూడు మీటర్ల వెడల్పు కూడా ఉండదు, మధ్యలో రెండు చోట్ల వాన నీరు పోడానికి అడ్డంగా గట్టు వేసీసారు. స్పీడు గంటకి 25 కి.మీ దాటిందంటే బోర్డు కుడీ ఎడమా ఊగిపోతాది, మొన్నాదివారం పడిపోనాను, మోచెయ్యి చెక్కుకుపోనాది, ఇంట్లో సైకిల్ మీంచి పడ్డానని చెప్పాను. ఒకాయన 100 తీసుకో పడవలా పోతాది అన్నాడు, ఇంకొకాయన 100 అయితే ఆ దారిలో తిరగదు చెట్టుకి గుద్దుకుంటావు అన్నాడు. ఇద్దర్లో ఎవరిది నిజం?

కొరాపుట్ పాత కాపు:
ఇద్దరిదీ నిజమే తమ్ముడూ, అదే చిక్కు. నా దగ్గర 90ది ఒకటి, 100ది ఒకటి రెండూ ఉన్నాయి, కాబట్టి రెండు వైపులా తిట్లు తిన్నాను.

ముందు ఒక మాట, డెక్ పొడుగు చూసి లెక్కలెయ్యకు, ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి టేపు పెట్టి కొలు. ఎంబీఎస్ అనే బోర్డుల కంపెనీ వాళ్ళ కోల్ట్ 90, కాంప్ 95 లాంటి పేర్లలో ఆ నంబరు డెక్ పొడుగే. బోర్డు ఎంత వెడల్పున తిరుగుతుందో చెప్పేది మాత్రం ఇరుసుల మధ్య దూరం. రెండు ట్రక్కులూ చెరో 10 డిగ్రీలు తిరిగాయనుకో, ఇరుసుల దూరం 90 సెం.మీ అయితే నువ్వు తిరిగే వలయం వ్యాసార్ధం సుమారు 2.55 మీటర్లు వస్తుంది, 100 అయితే 2.84. తేడా అడుగు కూడా లేదు కదా అనుకుంటావు, కానీ పూర్తిగా వెనక్కి తిరిగేటప్పుడు అది రెండింతలయి అడుగున్నర దాటుతుంది. మూడు మీటర్ల దారిలో అడుగున్నర అంటే తుప్పల్లోకే.

పొడుగు వల్ల నెమ్మది రావడం కూడా ఇదే లెక్క, అంతకు మించి మాయేం లేదు. నువ్వు ఒకేలా వంగినా పొడుగు బోర్డు నిదానంగా తిరుగుతుంది, కాలు చిన్నగా వణికినా దానికి అంతగా తెలీదు. కానీ ఎంత? 10 శాతం పొడుగు పెరిగితే సుమారుగా 10 శాతమే. నీకు 25 దగ్గర మొదలయ్యే ఊపు 27, 28 దగ్గర మొదలవుతుంది అంతే, పోదు. దానికోసం 100 కొనడం నాకైతే నచ్చదు.

దేవమాలి తెలుసు కదా, 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తు కొండ లేదు, అక్కడ గడ్డి వాలు మీద ఎటు చూసినా ఖాళీయే, అలాంటి చోట 100ది వేసుకుని వెడల్పుగా తిప్పుకుంటూ దిగుతుంటే దాని సుఖమే వేరు, 90తో అక్కడ నిమిషానికోసారి సర్దుకోవాలి. (పొద్దున్నే మంచు తడి మీద మాత్రం వద్దు, ఏ పొడుగైనా జారుతుంది.) అదే 100ని నీలగిరి తోటలోకి పట్టుకెళ్ళి రెండో మలుపులోనే దిగి చంకన పెట్టుకుని నడిచాను.

ఇంకోటి, నీ దారిలో అడ్డ గట్లున్నాయన్నావు. చక్రాలు ఎంత దూరంగా ఉంటే మధ్యలో పొట్ట అంత తేలిగ్గా గట్టుకి తగులుతుంది. ముందు చక్రం దాటాక బర్‌మని డెక్ రాసుకుందంటే మనిషి ముందుకి పోతాడు.

పర్లాకిమిడి అప్ప:
పైన పెద్దాయన చెప్పనిది ఒకటుంది, వంగుడు. గెడ్డ మీద తాటి దుంగ వేసి దాటతాం కదా, గెడ్డ వెడల్పయ్యే కొద్దీ అదే దుంగ ఎంత ఊగుతాదో చూసే ఉంటావు. డెక్ కూడా అంతే, వంగుడు పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతాది. చెక్క అదే, మందం అదే అయితే 90 బదులు 100 వేసినప్పుడు 1.37 రెట్లు వంగుతాది. అందుకే కంపెనీలు పొడుగు డెక్‌లు గట్టిగా చేస్తారు, లేదా మెత్తనివి, గట్టివి అని బరువుని బట్టి వేరుగా అమ్ముతారు. నువ్వు 62 కేజీలు, 90 కేజీల మనిషి కోసం చేసిన గట్టి 100 నీకు తగిలిందంటే వంగదు, ప్రతి రాయీ మోకాలికి చెప్పి పోతాది. అదే మెత్తనిది తీసుకుంటే వంగి పొట్ట కిందకొస్తాది, అప్పుడు నీ గట్ల సంగతి ఇంకా పాడు. కాబట్టి పొడుగు ఒక్కటే అడక్కు, ఎంత బరువుకి చేసిందో కూడా అడుగు.

నేను 5 అడుగుల 1, నాకు పొడుగు డెక్‌తో అసలు బాధ పాదాల దగ్గరే. స్ట్రాపులు బిగించే కన్నాలు డెక్ సైజుని బట్టి దూరంగా పెడతారు, కాళ్ళు మరీ ఎడంగా పెట్టి నిలబడితే మోకాళ్ళు వంగవు, మోకాలు వంగకపోతే తిప్పడం ఎక్కడిది. ముందు ఇంట్లో నేల మీద గెంతు, దిగినప్పుడు పాదాలు ఎక్కడ పడ్డాయో అక్కడ సుద్దముక్కతో గీసి కొలు, నాకు 46 సెం.మీ వచ్చింది. ఆ కొలతకి కన్నాలు కుదిరే డెక్కే నీది.

మోచేతి కవర్లు ఎక్కడ పెట్టావురా? సైకిల్ కథలు అమ్మకి ఎప్పుడో తెలిసిపోయుంటాయి.

ప్రాణహిత ఒడ్డు:
అన్నలూ అక్కలూ, మాది సిరొంచ. మా దగ్గర కొండలకంటె చెలకలే ఎక్కువ, ఎండకాలం నల్లరేగడి నెర్రెలిచ్చి రెండు మూడు వేళ్ళు దూరేంత పగుళ్ళు పడ్తయ్. నేనైతే పొడుగు గిడుగు పట్టించుకోను, 90 కావచ్చు 100 కావచ్చు, చిన్న టైరు పగుల్ల పడ్డదంటే ఆడికాడ్నే ఆగుతది, నువ్వు మాత్రం ఆగవు. నేను 8 అంగుళాలవి తీసి 9 అంగుళాలవి ఏసిన, గాలి 20 పీఎస్‌ఐకి దించిన, మస్తు ఫరకొచ్చింది, డెక్ మాత్రం గదే. గాలి పటం కట్టుకొని చదును నేల మీద పోయేటోళ్ళకు పొడుగుది పనికొస్తది, గుంజుడుకు నిలబడ్తది. నీకైతే దిగుడు గదా తమ్మీ, గా ఊగుడు పొడుగుతోని కాదు, నీ ట్రక్కులు ఢీలా ఉన్నయో లేకుంటే నువ్వు భయానికి ఎనక కాలి మీద బరువేస్తున్నవో, రెండిట్ల ఏదో ఒకటి. ముందటి కాలి మీద బరువేసి చూడు.

కొరాపుట్ పాత కాపు:
సిరొంచ తమ్ముడి మాట సగం ఒప్పుకుంటాను. బరువు వెనక్కేస్తే ఊపు వస్తుంది, అది నిజం. కానీ పొడుగు పట్టించుకోను అన్నది చదును నేల మీద నడిచే మాట, మలుపులున్న కొండ దారిలో నడవదు. పెద్ద టైరు వేస్తే బోర్డు ఎత్తు కూడా పెరుగుతుంది, గట్లు బాగా దాటుతుంది గానీ మనిషి పైకి పోయాడు కదా, వంగినప్పుడు తెలుస్తుంది.

నాగావళి గుంటడు:
అందరికీ థాంక్స్ అండి, నిన్న సాయంత్రం కూచుని అన్నీ చేసీసాను. అప్పా, నేల మీద గెంతితే నాకు 51 వచ్చింది, బావ బోర్డు మీద 55 దగ్గర నిలబడుతున్నాను ఇన్నాళ్ళూ, ఒక కన్నం లోపలికి జరిపాను. తర్వాత సిరొంచ అన్న చెప్పాడని ట్రక్కులు విప్పాను, వెనక ట్రక్కులో ఒక బుష్ పూర్తిగా చిట్లిపోయుంది, వేలితో నొక్కితే పొడి రాలుతోంది. బావ డబ్బాలో పాతది ఒకటి కొంచెం బాగున్నది దొరికితే అది వేసి బిగించాను, అదే దారి, అదే 90. ఈసారి 30 దాకా పోనా ఊగలేదు, ముందు కాలి మీద బరువుంచడం మాత్రం రెండో గట్టు దగ్గర మర్చిపోయాను, అక్కడ కొంచెం ఊగింది.

100 ఆలోచన మానీసాను. 95 దగ్గరలో, నా బరువుకి తగ్గ మెత్తదనం ఉన్నది చూస్తన్నాను, 9 అంగుళాల టైర్లు తర్వాత.

బుష్ సంగతి బావకి ఫోన్ చేసి చెప్తే, "అది పోయి రెండు నెలలైంది, అందుకే కదా నిన్ను మెల్లగా దిగమన్నది" అన్నాడు.