నార్మండీ సినారియోలో మైక్ టార్గెట్‌ను ఎలా చూపించాలి?

1944 జులైలో నార్మండీలో ఒక బ్రిటిష్ బెటాలియన్ దాడి మీద బోర్డు వార్‌గేమ్ సినారియో తయారుచేస్తున్నాను. హెక్స్ (మ్యాప్‌లోని ఆరు భుజాల గడి) 250 మీటర్లు, టర్న్ 15 నిమిషాలు, మొత్తం 12 టర్న్‌లు. ఫిరంగుల దగ్గర సలహా కావాలి.

బెటాలియన్‌కు దన్నుగా ఉండేది ఎనిమిది ‘25 పౌండర్’ ఫిరంగుల బ్యాటరీ. కానీ ముందు కంపెనీతో నడుస్తూ ఫిరంగులకు గురి చెప్పే అబ్జర్వర్ ‘మైక్ టార్గెట్’ అన్నాడంటే రెజిమెంట్‌లోని 24 ఫిరంగులూ కొన్ని నిమిషాల్లో మోగుతాయి. అది విన్నపం కాదు, ఆదేశం. అందుకే రెండు టర్న్‌ల ఆలస్యం పెడితే చరిత్రకు అన్యాయం. అసలు పెట్టకపోతే మూడో టర్న్‌కే జర్మన్ రక్షణ వరస ఖాళీ అయిపోతోంది.

ప్రస్తుతానికి బ్యాటరీ ఫైర్ అదే టర్న్‌లో పడుతుంది, రెజిమెంట్ ఫైర్‌కు ఆట మొత్తానికి మూడే మార్కర్లు. కందకాల్లో ఉన్నవాళ్లకు ఎక్కువగా సప్రెషనే, అంటే తల ఎత్తలేక అణిగి ఉండడమే. పది ముఖాల పాచికపై 10 పడితేనే స్టెప్ నష్టం (యూనిట్ బలంలో ఒక మెట్టు తగ్గడం). 11 కిలోల గుండు తవ్వుకుని కూర్చున్నవాడి తల దించుతుందే గాని, చంపడం అరుదు.

అసలు చిక్కు బొకాజ్, అంటే ఎత్తైన పొదగట్లు చుట్టిన చిన్న పొలాల నేల. అక్కడ అబ్జర్వర్‌కు పక్క పొదగట్టు దాటి కనిపించదు. గురి తప్పితే ఒక హెక్స్ జరపడమంటే 250 మీటర్లు, అది మరీ ఎక్కువ. దాని బదులు కనబడని లక్ష్యానికి ఫైర్ టేబుల్‌లో (కాల్పుల ఫలితాల పట్టికలో) ఒక కాలమ్ తగ్గిస్తే సరిపోతుందా? సప్రెషన్ ఫైర్ ఆగిన టర్న్‌లోనే పోవాలా, ఇంకో టర్న్ నిలవాలా? ఆడి చూసినవాళ్లు చెప్పండి.