మొదటి గంటలో ఏం చెప్పాలి? క్రైసిస్ కమ్యూనికేషన్ ప్లాన్ గురించి సందేహాలు

ప్రశ్న:
సుమారు 400 మంది పనిచేసే సంస్థకి క్రైసిస్ కమ్యూనికేషన్ ప్లాన్, అంటే సంక్షోభం వస్తే ఎవరు ఏం చెప్పాలో ముందే రాసుకునే పత్రం, రాయాలి. డేటా లీక్ కావడం, సర్వీసు ఆగిపోవడం, ఉద్యోగి మీద ఆరోపణ రావడం, ముఖ్యంగా ఈ మూడూ చూసుకోవాలి. 40 పేజీల డ్రాఫ్టు తయారైంది కానీ, అవసరం పడ్డ రోజున దాన్ని ఎవరైనా తెరుస్తారా అని అనుమానం. విషయం పూర్తిగా తెలియకముందే ప్రకటన ఇవ్వొచ్చా? లీగల్ వాళ్ళు "ఏమీ మాట్లాడొద్దు" అంటే ఏం చెయ్యాలి? ఈ పని తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

జవాబు 1:
40 పేజీలు ఉండనివ్వండి. వాటి ముందు రెండు పేజీలు విడిగా రాయండి, మొదటి గంటలో పనికొచ్చేవి అవే. ఒకదాంట్లో ఐదు పనులకు ఐదు పేర్లు: ఇది సంక్షోభమని తేల్చేది ఎవరు, వివరాలు సేకరించేది ఎవరు, రాసేది ఎవరు, ఆమోదించేది ఎవరు, బయట మాట్లాడేది ఎవరు. ప్రతి పేరు పక్కనా వాళ్ళు అందుబాటులో లేకపోతే ఎవరో కూడా ఉండాలి. రెండోదాంట్లో ఫోను నంబర్లు, సోషల్ మీడియా ఖాతాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది, ముందే రాసిపెట్టుకున్న ప్రకటనల నమూనాలు.

ఈ రెండు పేజీలూ కాగితం మీద, ఇంట్లో కూడా ఉండాలి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు ఆగిపోయినప్పుడు ఉద్యోగులు వాడే లోపలి టూల్స్ కూడా దెబ్బతిన్నాయి. జనానికి కబురు చెప్పడానికి ఆ సంస్థ ట్విటర్‌ని వాడుకుంది. మీ మెయిలూ, చాటూ, ప్లాన్ దాచుకున్న ఫోల్డరూ ఒకే లాగిన్ మీద నడుస్తుంటే మూడూ ఒకేసారి పోతాయి.

అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం ఆమోదం దగ్గరే. ఏడుగురికి మెయిల్ పెడితే ఏడు వెర్షన్లు తిరిగొస్తాయి, ఏది తాజాదో తేలేసరికి మధ్యాహ్నం అవుతుంది. ముగ్గురు చాలు: ఒక పై అధికారి, ఒక లాయరు, ఆ సమస్య లోతు తెలిసిన మనిషి. డాక్యుమెంటు ఒక్కటే, గడువు 15 నిమిషాలు. ఆలోగా పలకనివాళ్ళ బదులు పక్క పేరు వాళ్ళు సరే అంటే చెల్లుతుందని యాజమాన్యంతో ముందే రాయించుకోండి.

జవాబు 2:
మీ మొదటి ప్రశ్నకి: పూర్తిగా తెలిసేదాకా ఆగకండి, తెలియనిది మాత్రం చెప్పకండి. ఇలా నాలుగు వాక్యాలు చాలు:

"ఈ ఉదయం 9:40 నుంచి మా సర్వీసు కొందరికి అందడం లేదు. కారణం ఇంకా తెలియలేదు, మా ఇంజినీర్లు వెతుకుతున్నారు. దయచేసి పేమెంట్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నించకండి, డబ్బు రెండుసార్లు కట్ కావచ్చు. 11 గంటలకు ఇదే పేజీలో మళ్ళీ సమాచారం ఇస్తాం."

చాలామంది మరిచిపోయేది మూడో వాక్యం, చదివేవాళ్ళు ఇప్పుడు ఏం చెయ్యాలన్నది. ఇబ్బందిలో ఉన్న మనిషికి మన ఇంజినీర్ల కష్టం కన్నా అదే ముఖ్యం. నాలుగోది మాట ఇవ్వడం. కొత్తగా ఏమీ తెలియకపోయినా 11 గంటలకు "ఇంకా తెలియలేదు, మళ్ళీ 12కి" అని రాయాలి. ఆ ఒక్కసారి తప్పితే తర్వాత ఏ సమయం చెప్పినా నమ్మరు.

కొట్టేయాల్సిన మాటలు: "ఎవరికీ ఎలాంటి నష్టమూ లేదు", "పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది". దర్యాప్తు పూర్తి కాకుండా ఈ రెండూ ఎవరూ చెప్పలేరు. సంఖ్యలతోనూ జాగ్రత్త. జనం అప్పుల చరిత్ర దాచే అమెరికా సంస్థ ఈక్విఫ్యాక్స్ 2017 సెప్టెంబర్‌లో డేటా లీక్ బాధితులు 14.3 కోట్ల మంది అంది. అది తర్వాత 14.7 కోట్లకు చేరింది, పెరిగిన ప్రతిసారీ కథ మళ్ళీ మొదటికొచ్చింది. పైగా బాధితుల కోసం తన సొంత సైటు వదిలి వేరే డొమైన్ (వెబ్ చిరునామా) పెట్టింది. దాని పేరులో పదాలు అటూఇటూ చేసి ఒకరు నకిలీ సైటు కడితే, కంపెనీ సపోర్ట్ ఖాతానే కస్టమర్లకు ఆ నకిలీ లింకును చాలాసార్లు పంపింది. ఏ సమాచారమైనా జనం ఇప్పటికే నమ్మే మీ సైటులోనే, ఒక పేజీలో పెట్టండి.

జవాబు 3:
లీగల్ సంగతి. వాళ్ళ భయం అర్థంలేనిది కాదు, తొందరపడి రాసిన ఒక్క వాక్యం కోర్టులో ఎదురు తిరగొచ్చు. అయితే ఆ చర్చ పెట్టుకోవాల్సింది సంక్షోభం రోజున కాదు. ఇప్పుడే కూర్చుని మీ మూడు సందర్భాలకూ వాక్యాలు ఖాయం చేసుకోండి. "మీకు కలిగిన ఇబ్బందికి బాధపడుతున్నాం" అనడం వేరు, "మా నిర్లక్ష్యం వల్ల జరిగింది" అనడం వేరు. మొదటిది ఏ గంటలోనైనా అనొచ్చు. రెండోది కారణం తేలాక, మీ చట్టం చూసుకుని. ఉద్యోగి మీద ఆరోపణ వస్తే పేరు, తీర్పు రెండూ వద్దు. ఫిర్యాదు అందింది, ఎవరు విచారిస్తున్నారు, ఈలోగా ఏం చేశాం, అంతవరకే.

ఇంకోటి, అందరూ 1982లో టైలెనాల్ అనే నొప్పి మందులో విషం కలిసిన ఉదంతాన్ని ఆదర్శంగా చూపిస్తారు. షికాగో ప్రాంతంలో ఏడుగురు చనిపోయాక ఆ మందు కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ సుమారు 3.1 కోట్ల సీసాలు వెనక్కి రప్పించింది. మంచి పనే, కానీ అక్కడ సయనైడ్ కలిపింది బయటివాళ్ళు, కంపెనీ కూడా బాధితురాలే. మీ సర్వర్‌కి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేయకపోవడం వల్ల డేటా పోతే ఆ స్వరం సరిపోదు. తప్పు మనదైనప్పుడు క్షమాపణ, పరిహారం, ఇకమీదట ఏం మారుస్తామన్నది, మూడూ కావాలి.

ప్రతి నిర్ణయాన్నీ టైముతో సహా రాసే మనిషిని ఒకర్ని పెట్టండి. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ వర్తించే డేటా అయితే, లీక్ సంగతి తెలిసినప్పటి నుంచి 72 గంటల్లో నియంత్రణ సంస్థకు చెప్పాలి. ఎప్పుడు తెలిసిందో చూపించేది ఆ లాగ్ పుస్తకమే.

జవాబు 4:
ఎవరూ ఉద్యోగుల మాట ఎత్తలేదు. నష్టపోయినవాళ్ళకు, ఉద్యోగులకు పత్రికల కన్నా ముందు, కనీసం అదే నిమిషంలో తెలియాలి. రిసెప్షన్‌లో, కాల్ సెంటర్‌లో ఉన్నవాళ్ళకే మొదటి ఫోను వస్తుంది. వాళ్ళ చేతిలో ఒక వాక్యం, విలేకరి ఫోను ఎవరికి కలపాలో ఒక నంబరు ఉండాలి.

లోపలి లేఖ బయటికి వస్తుందనుకునే రాయండి. 2017 ఏప్రిల్‌లో అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలోంచి ప్రయాణికుణ్ణి ఈడ్చేసినప్పుడు, సీఈఓ సిబ్బందికి రాసిన లేఖ ప్రయాణికుణ్ణే తప్పుపట్టింది. అది వెంటనే బయటపడింది. మర్నాడు ఆయన పూర్తి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

అన్నట్టు, మొదటి పది నిమిషాల్లోనే షెడ్యూల్ చేసిన పోస్టులూ ప్రకటనలూ ఆపేయండి. సర్వీసు ఆగిన గంటలో "పండగ ఆఫర్" పోస్టు పడితే, దాని కిందే వందల తిట్లు చేరతాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. ఇది పనిచేస్తుందో లేదో పరీక్షించేదెలా?

జవాబు 1:
ఆరు నెలలకోసారి రెండు గంటల డ్రిల్. ముందుగా చెప్పకుండా ఆమోదించే ముగ్గురిలో ఒకర్ని "అందుబాటులో లేరు" అని తీసేయండి. అరగంటకు ఒక తప్పుడు పుకారు, గంటకు విలేకరి ఫోను, గంటంపావుకి ముందు చెప్పిన కారణం తప్పని ఇంజినీర్ల కబురు ఇవ్వండి. మొదటి ప్రకటన ఎన్ని నిమిషాల్లో బయటికొచ్చిందో కొలవండి. 60 దాటితే ఎక్కడ ఆగిందో లాగ్ పుస్తకంలో కనిపిస్తుంది. ఫోను నంబర్లలో మూడు నాలుగైనా పాతవి బయటపడతాయి, మర్నాడే ఆ పేజీ మళ్ళీ ప్రింట్ తీసి పాత కాపీలు చింపేయండి.