ఏడాదిపాటు ఒంటరిగా ప్రపంచం చుట్టిరావడం: నేర్చుకోవడమా, తప్పించుకోవడమా?

మూటముల్లె
పదకొండు నెలలు, పందొమ్మిది దేశాలు, ఒక్కణ్ణే, ఒకటే బ్యాగు. తిరిగొచ్చి మూడు నెలలైంది. అడిగినవాళ్లందరికీ "అద్భుతం" అని చెప్పి చెప్పి విసుగొచ్చింది. ఈ ఫోరంలోనైనా ఉన్నదున్నట్టు చెబుదామని రాస్తున్నా.

మొదటి నాలుగు నెలలు నిజంగానే బాగున్నాయి. ఆ తర్వాత నేను చేసింది ప్రయాణం కాదు, గుమాస్తా పని. రేపటి బస్సు, ఎల్లుండికి బెడ్డు, వచ్చే నెల వీసా. కొంత తప్పు నా టికెట్‌ది. రౌండ్ ద వరల్డ్ టికెట్ కొన్నాను. ఎయిర్‌లైన్ కూటములు అమ్మే ఈ టికెట్ సంగతి తెలియనివాళ్లకి: తూర్పుకో పడమరకో ఒకే దిక్కుగా పోవాలి, అట్లాంటిక్, పసిఫిక్ రెండూ దాటాలి, 16 విమానాలు మించకూడదు, ఏడాదిలోపు ముగించాలి. స్వేచ్ఛ కొనుక్కుంటున్నా అనుకున్నా. కొన్నది టైమ్‌టేబుల్.

ఆక్లాండ్‌లో సాయంత్రం విమానమెక్కి, పదకొండు గంటల తర్వాత చిలీ రాజధాని శాంటియాగోలో అదే తేదీ మధ్యాహ్నం దిగాను. పసిఫిక్ మధ్యలో తేదీ మారే డేట్ లైన్ పుణ్యమా అని ఆ రోజు నాకు రెండు మధ్యాహ్నాలు. రెండోదాన్ని ఏం చేశానంటే, హాస్టల్ బంకులో గోడవైపు తిరిగి పడుకున్నా. బయటికెళ్తే ఆండీస్ కొండలు కనిపిస్తాయి. లేవబుద్ధి కాలేదు.

నా వాదన ఇది. ఒంటరిగా తిరిగితే మనిషిలో వచ్చే మార్పేదో మూడు నాలుగు నెలల్లో వచ్చేస్తుంది. ఆ తర్వాతదంతా, ఇంటికెళ్లి ఏం చేయాలో తేలక సాగదీయడమే. కాదంటారా?

రచ్చబండ
మూడు నెలలు కూడా ఎక్కువేనండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఉద్యోగం నచ్చక వెళ్లినవాడు ఏడాది తర్వాత వచ్చి వెతుక్కునేది మళ్లీ అదే ఉద్యోగం. మధ్యలో పాస్‌పోర్ట్ నిండుతుంది, ఖాతా ఖాళీ అవుతుంది. మా కజిన్లిద్దరూ ఇంతే.

నిదానం
మూటముల్లె గారూ, పదకొండు నెలలకి పందొమ్మిది దేశాలంటే ఒక్కోదానికి పదిహేడు రోజులు. రానూపోనూ ప్రయాణాలు, ఒంట్లో బాగాలేని రోజులు తీసేస్తే పదో పన్నెండో. మీకు విసుగొచ్చింది పరుగు మీదేమో చూసుకోండి.

నేను 2017లో మాస్కో నుంచి రష్యా తూర్పు కొసనున్న వ్లాదివోస్తోక్ దాకా మధ్యలో ఎక్కడా ఆగకుండా రైల్లో వెళ్లాను. 9,289 కిలోమీటర్లు, దాదాపు ఏడు రోజులు. అప్పట్లో దారిపొడుగునా స్టేషన్ గడియారాలు మాస్కో టైమే చూపించేవి, టికెట్ మీదా అదే (2018 ఆగస్టు నుంచి టికెట్ల మీద స్థానిక సమయం వేస్తున్నారు). చివరికొచ్చేసరికి తేడా ఏడు గంటలు. బయట తెల్లారుతుంటే గడియారంలో రాత్రి పదకొండు. మూడో రోజుకి తెచ్చుకున్న పుస్తకం అయిపోయింది, పక్క బెర్తు పెద్దాయనతో సైగలూ అయిపోయాయి. నాలుగో రోజంతా కోపం. ఆరేళ్ల కిందట ఆఫీసులో ఎవరో అన్న మాట దగ్గర్నుంచి తవ్వుకుంటూ కూర్చున్నా. ఐదో రోజుకి అదీ అయిపోయింది. బిర్చ్ చెట్లు, మళ్లీ బిర్చ్ చెట్లు. ఊరికే చూస్తూ కూర్చోగలిగాను. అలా కూర్చోవడం అంతకుముందు నాకు చేతకాదు.

కొత్త ఉన్నన్నాళ్లూ మనల్ని ఊళ్లే నడిపిస్తాయి. అది తీరాక మనతో మనం ఎలా వేగుతామన్నది అప్పుడు తెలుస్తుంది. మీరు వృథా అంటున్న నెలలే నాకు అసలు సరుకుగా కనిపిస్తున్నాయి. ఒకటడుగుతా, ఏమీ అనుకోకండి: ఆ పదకొండు నెలల్లో ఎక్కడైనా రెండు వారాలకు మించి ఆగారా?

రచ్చబండ
కిటికీలోంచి చెట్లు చూడ్డానికి సైబీరియా దాకా ఎందుకండీ? ఇంట్లో ఫోన్ ఆపేసి కూర్చుంటే చాలదా?

నిదానం
చాలదండి. ఇంట్లో అయితే నాలుగో రోజు లేచి వెళ్లిపోవచ్చు.

లోపలిజేబు
"నిదానంగా తిరగండి" అని చెప్పడం తేలికే. ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల షెంగెన్ కూటమిలో 29 దేశాలకీ కలిపి ఏ 180 రోజుల్లో చూసినా టూరిస్టుగా 90 రోజులే ఉండనిస్తారు. చాలా దేశాలు పాస్‌పోర్ట్‌కి ఇంకా ఆరు నెలల గడువు లేకపోతే రానివ్వవు. కొన్నిచోట్ల బోర్డర్‌లో బయటికెళ్లే టికెట్ చూపించమంటారు. అంటే ఆగుదామనుకున్నా ఆగనివ్వరు. అందులో పాస్‌పోర్ట్‌కీ పాస్‌పోర్ట్‌కీ తేడా! ఒకడు ఊరికే నడిచి వెళ్లే గేటు ముందు ఇంకొకడు బ్యాంక్ స్టేట్‌మెంట్లు పట్టుకుని నిలబడతాడు. మూటముల్లె అన్న చెప్పిన గుమాస్తా పని ఆయన స్వభావం కాదు, రూల్సు అలా ఉన్నాయి.

ఇంకోటి. హాస్టల్లో రోజుకి నాలుగు గంటలు పని చేసి బెడ్డు ఉచితంగా తీసుకుని నెలలు గడిపేయొచ్చని సలహా ఇస్తుంటారు. చాలా దేశాల్లో టూరిస్టు వీసా మీద అది కూడా ఉద్యోగం కిందే లెక్క. పట్టుబడితే వెనక్కి పంపేస్తారు. చూసుకుని చేయండి.

చీకటిపడకముందే
ఇందాకట్నుంచి "మనతో మనం" అని చదువుతున్నా, నవ్వొస్తోంది. తిరగక మగవాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది అనే సామెత విని పెరిగినదాన్ని, అయినా ఏడు నెలలు ఒంటరిగా తిరిగొచ్చాను. మీరెవరూ రాయని సంగతి ఒకటుంది. బస్సు ఏ ఊరికి వెళ్తుందన్నది నాకు రెండో ప్రశ్న. ఎన్నింటికి దింపుతుందన్నది మొదటిది. తెల్లవారుజామున మూడింటికి దింపే బస్సైతే ఎంత బాగున్నా వద్దు, ఒక రోజు పోయినా పగటి బస్సే. ఒక చోట రాత్రి బస్సెక్కక తప్పలేదు. వెనక సీటువాడి చెయ్యి సందులోంచి వచ్చింది. గట్టిగా అరిస్తే డ్రైవర్ లైట్లేసి, నన్నే ముందుకొచ్చి కూర్చోమన్నాడు. వాణ్ణేమీ అనలేదు.

ఇలా ప్రతి రోజూ లెక్కలేసుకునేదానికి నాలుగో నెలలో విసుగు రావడానికి తీరికెక్కడిది? నాకు ఐదో నెలలో భయం తగ్గింది. అప్పుడు మొదలైంది నా ట్రిప్పు. నాలుగో నెలలోనే మార్పు పూర్తయిపోతుందన్న లెక్క మీది అయ్యుండొచ్చు, అందరిదీ కాదు.

తోకచుక్క
చిన్న చేర్పు. మూటముల్లె గారూ, మీరు తూర్పుకి వెళ్లారు కాబట్టి రోజు కలిసొచ్చింది. పడమరకి చుట్టివస్తే పోతుంది. మాజెల్లాన్ నౌకల్లో మిగిలిన ఒక్కటీ 1522లో తిరిగొస్తూ కేప్ వెర్డె దగ్గర ఆగితే, వాళ్ల డైరీలో బుధవారం, ఒడ్డున గురువారం. మూడేళ్లు రోజూ తప్పకుండా డైరీ రాసుకున్న ఆ నౌకలోని ఇటలీవాడు పిగఫెట్టా తలపట్టుకున్నాడు. చర్చకి సంబంధం లేదని తెలుసు, ఆగలేకపోయా.

ఎడమచెప్పు
తప్పించుకోవడం తప్పెలా అయింది? విడాకుల తర్వాత ఇంట్లో ఉండలేక కమీనో అనే క్రైస్తవ యాత్రాదారి నడిచాను. ఫ్రాన్స్ సరిహద్దులోని సాఁ-జాఁ నుంచి స్పెయిన్‌లో శాంటియాగో దాకా, సుమారు 780 కిలోమీటర్లు, 36 రోజులు. ఏమీ నేర్చుకోలేదు. బొబ్బలకు సూది ఎలా వాడాలో తప్ప. కానీ ఆ 36 రోజులూ ఇంట్లో లేను, అప్పట్లో నాకు కావాల్సింది అదే.

నిదానం
ఎడమచెప్పు గారు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు.

లోపలిజేబు
"ఒంటరిగా" అన్న మాట గురించి కూడా. నేపాల్‌లో 2023 ఏప్రిల్ నుంచి విదేశీయులు చాలా ట్రెక్కింగ్ దారుల్లో గైడ్ లేకుండా వెళ్లకూడదని నిబంధన పెట్టారు. స్వేచ్ఛ పోయిందని గోల చేశారు చాలామంది. నేను 2019లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ వెళ్లే అన్నపూర్ణ సర్క్యూట్‌కి ఒంటరిగానే వెళ్లాను. దారిలో మనాంగ్ అనే ఊళ్లో, అంటే 3,500 మీటర్ల పైన, ఎత్తుకి అలవాటు పడటానికి ఒక రోజు ఆగాలి. బాగానే ఉన్నాననుకుని బయల్దేరాను. సాయంత్రానికి బూటు లేసు కట్టుకోవడం రాలేదు. అక్కడే ఉన్న ఒకావిడ గమనించి కిందికి దింపించింది. ఎత్తు వల్ల మెదడు వాచినప్పుడు మన తెలివీ మందగిస్తుంది, కాబట్టి జబ్బు చేసిందన్న సంగతి మనకి తెలియకపోవచ్చు. 5,416 మీటర్ల తొరాంగ్ లా కనుమ దాకా వెళ్లుంటే ఇది రాసేవాణ్ణి కాదేమో. అప్పట్నుంచి కొండల మీదికి మాత్రం ఒంటరిగా వెళ్లను.

మూటముల్లె
అన్నీ చదివాను. "చీకటిపడకముందే" గారూ, నేను తెల్లవారుజామున మూడింటికి బస్సు దిగి హాస్టల్ దాకా నడిచి వెళ్లిన రాత్రులు డజను ఉంటాయి. దాన్ని గురించి ఇన్నాళ్లూ ఒక్కసారీ ఆలోచించలేదు. నా లెక్క నాది మాత్రమే, ఒప్పుకుంటున్నా.

నిదానం గారి ప్రశ్నకి: ఆగాను. బొలీవియాలో, సూక్రేలో. మెట్ల మీద మడమ బెణికి మూడు వారాలు. గది ఎదురింటి పిల్లాడు రోజూ పేక తెచ్చేవాడు. స్పానిష్‌లో అంకెలు వాడి దగ్గరే నేర్చుకున్నా, తప్పు చెబితే ముక్క లాగేసుకునేవాడు. ఇప్పుడు చూస్తే పోస్టులో ఆ మూడు వారాల ఊసే ఎత్తలేదు. ట్రిప్పు ఆగిపోయిన రోజులుగానే లెక్కేసుకున్నట్టున్నా. సూక్రే ఎనిమిదో నెల. కాబట్టి నాలుగో నెల వాదన నా చేత్తోనే చెడగొట్టుకుంటున్నా.

కానీ పూర్తిగా వెనక్కి తీసుకోను. తొమ్మిదో నెలలో మా నాన్నకి ఆపరేషన్ అయింది. ట్రిప్పు పాడవుతుందని చెప్పొద్దన్నారట, నేను ఇంటికొచ్చాకే తెలిసింది. అప్పటికే తిరిగొచ్చి ఉంటే పక్కనుండేవాణ్ణి. ఏడాది తిరిగితే ఏం నేర్చుకుంటామన్నది ఒక లెక్క. ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగిందన్నది ఇంకో లెక్క, దాన్నెవరూ రాయరు.

నిదానం
ఇప్పుడెలా ఉన్నారండీ నాన్నగారు?

మూటముల్లె
బాగానే ఉన్నారండి. నా బ్యాగు మాత్రం అటక మీద పెట్టించేశారు.