చలికాలం ఉదయాల్లో మొరాయించే బండి: లోపం చలిదా, కార్బురేటర్‌దా?

బ్రాడీపేట బండి:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా నాన్నగారు 2009లో కొన్న 100 సీసీ బండినే నేను ఇప్పటికీ నడుపుతున్నాను. మిర్చి యార్డులో పని కాబట్టి తెల్లవారుజామున అయిదున్నరకే బయలుదేరాలి. కార్తీక మాసం వెళ్లినప్పటి నుంచి రోజూ ఒకటే తంతు. చోక్ వేయకుండా ఎన్ని కిక్కులు కొట్టినా బండి ఉలకదు, పలకదు. చోక్ వేస్తే నాలుగో అయిదో కిక్కుకు అందుకుంటుంది గానీ, చోక్ తీసిన మరుక్షణమే ఆగిపోతుంది. అయిదు నిమిషాలు యాక్సిలరేటర్ పట్టుకుని నిలబడితే తప్ప మా సందు చివరికి కూడా చేరలేను. వేడెక్కాక పరుగుకు వంక పెట్టలేం. అయితే సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదిలాక కూడా ఇంజను కాసేపు పైస్థాయిలోనే మోగి, తర్వాత మెల్లగా కిందికి దిగుతోంది.

కొత్త ప్లగ్గు వేయించాను. యార్డు దుమ్ము సంగతి తెలిసిందే కదా, ఎయిర్ ఫిల్టర్ కూడా మార్పించాను. ఫలితం లేదు సరికదా, ఫిల్టర్ మార్చాక ఇబ్బంది ఇంకాస్త పెరిగినట్టు అనిపిస్తోంది. మెకానిక్ మాత్రం చలికాలంలో పాత బండ్లన్నీ ఇంతేనంటున్నారు. గుంటూరు చలికి కూడా బండి బిగుసుకుపోతుందా అని ఇంట్లో నవ్వుతున్నారు. కిక్కుల చప్పుడుకు నిద్ర చెడిన పక్కింటి తాతగారు మాత్రం నవ్వడం లేదు. కార్బురేటర్ మొత్తం మార్చేయాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఆటోనగర్ పాతకాపు:

కార్బురేటర్ మార్చే తొందర వద్దు. మీ మెకానిక్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పెట్రోలు ద్రవరూపంలో మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కార్బురేటర్ వదిలిన పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం మాత్రమే ఆవిరవుతుంది, మిగిలినది ఇన్‌టేక్ గొట్టం గోడలకు తడిగా అంటుకుని ఉండిపోతుంది కాబట్టి సిలిండర్‌లోకి చేరే మిశ్రమం పలచబడిపోతుంది. వేడెక్కిన ఇంజనుకు బరువు లెక్కన 1 వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి సరిపోతుంది. చల్లని ఇంజనుకు అంతకంటే చాలా చిక్కని మిశ్రమం అందించాలి. గాలి దారిని మూసి, జెట్ల (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాల) గుండా ఎక్కువ పెట్రోలును లాగించడమే చోక్ పని.

అయితే మన గుంటూరు, విజయవాడలలో జనవరి తెల్లవారుజామున ఉండేది 18, 19 డిగ్రీలే. ఆ మాత్రం చలికి చోక్‌తో రెండు మూడు కిక్కులు, ఆ తర్వాత అర నిమిషమో నిమిషమో చాలు. అయిదు నిమిషాలు చోక్ మీదే బతుకుతున్నదంటే, చలితో నిమిత్తం లేకుండానే మీ బండికి పెట్రోలు తక్కువ అందుతోందన్నమాట. చలి లేని రోజుల్లోని వేడి ఆ లోటును కనబడనివ్వలేదు, అంతే. యాక్సిలరేటర్ వదిలాక ఇంజను మెల్లగా దిగడం కూడా పలచటి మిశ్రమానికి గుర్తే. ఇక ఫిల్టర్ సంగతి: దుమ్ముతో సగం మూసుకుపోయిన పాత ఫిల్టర్ మీకు ఉచితంగా సగం చోక్ వేసిపెట్టింది. దాన్ని తీసేసి శుభ్రమైనది వేయించారు కాబట్టి అసలు లోపం పైకి తేలింది.

ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. ఈ మధ్య ఎవరిచేతనైనా మైలేజీ సెట్టింగ్ చేయించారా?

బ్రాడీపేట బండి:

చేయించానండీ. దసరా ముందు పెట్రోలు ఖర్చు ఎక్కువవుతోందని ఒక షెడ్డులో అడిగితే, కార్బురేటర్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి ఇచ్చారు. ఆ తర్వాత లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు పెరిగిన మాట నిజమే. దానికీ దీనికీ ముడి ఉంటుందని నాకు తోచలేదు.

కృష్ణలంక సవారీ:

స్క్రూ సంగతి సరే గానీ, నాకు ఇప్పటి పెట్రోలు మీదే అనుమానం. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చాకే మా పాత బండికీ ఇదే అవస్థ మొదలైంది. పైగా మాది కృష్ణ ఒడ్డు, పుష్యమాసంలో మంచుకు సీటు మీద నీళ్లు కారుతుంటాయి. ఆ తేమంతా పెట్రోలులో చేరదా?

ఆటోనగర్ పాతకాపు:

కృష్ణలంక సోదరుని అనుమానం కొట్టిపారేయదగినది కాదు, కానీ దాని వాటా చిన్నది. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే రెండు రెట్లకు పైగా వేడిని లాక్కుంటుంది కాబట్టి చల్లని ఇంజనులో అది మరింత బద్ధకిస్తుంది. దానిలోనే ప్రాణవాయువు ఉంటుంది కనుక, 20 శాతం కలిసిన ఇంధనానికి గాలి 14.7 వంతులు కాక 13.5 వంతులకు దగ్గరగా చాలు. అంటే మామూలు పెట్రోలుకు అమర్చిన పాత జెట్లతో నడిస్తే మిశ్రమం కొంత పలచగా పడుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు చాలావరకు ఇంజెక్షన్‌కు మారాయి. వాటిలో పెట్రోలు ఎంత వదలాలో కంప్యూటర్ చూసుకుంటుంది. మన కార్బురేటర్‌కు అంత తెలివి లేదు, స్క్రూ ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. తేమ విషయానికొస్తే, రోజూ తిరిగే బండిలో అంత నీరు చేరదు. పదిహేను రోజులు కదలకుండా ఉన్న బండికైతే ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, పాత పెట్రోలు కారిపోయాకే కిక్కు కొట్టండి. నీరు పెట్రోలు కంటే బరువు కనుక ముందు జెట్ దగ్గరికే చేరుతుంది.

ఇక గుంటూరు మిత్రునికి. ఆ స్క్రూ ఇంజను వైపున ఉంటే పెట్రోలును అదుపు చేస్తుంది, బయటకు విప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపున ఉంటే గాలిని అదుపు చేస్తుంది, అక్కడ లోపలికి బిగిస్తేనే చిక్కబడుతుంది. ఈ తేడా తెలియక తిప్పేవారే ఎక్కువ. ముందు దాన్ని మెల్లగా, ఆనేంతవరకే బిగించి, ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి. గట్టిగా బిగిస్తే కొన అరిగి మళ్లీ సెట్టింగ్ నిలవదు. మామూలుగా ఒకటిన్నర నుంచి రెండున్నర చుట్ల మధ్య ఉండాలి.

తర్వాత స్లో జెట్ (ఐడ్లింగ్‌లో పెట్రోలు అందించే జెట్) తీయించి వెలుతురుకు పట్టి చూడండి. దాని రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం, అందులో ఎండిన పెట్రోలు జిగురు చాలా సులభంగా పేరుకుంటుంది. గుండుసూదీ తీగా పెట్టి పొడవనివ్వకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ పనికిరాదు. క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పట్టిస్తే చాలు. చివరిగా కార్బురేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉన్న జాయింటు. బండి ఐడ్లింగ్‌లో ఉండగా దాని చుట్టూ కొద్దిగా నీళ్లు చిలకరిస్తే, పగులున్న చోట ఇంజను చప్పుడు మారుతుంది. కొందరు ఇదే పరీక్షకు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజను మీద ఆ పని ససేమిరా చేయనివ్వకండి.

బ్రాడీపేట బండి:

భోగి మర్నాడు దగ్గరుండి విప్పించాను. మా బండికి స్క్రూ ఫిల్టర్ వైపునే ఉంది, అది దాదాపు నాలుగు చుట్లు విప్పి ఉంది. స్లో జెట్‌ను బల్బుకు పట్టి చూస్తే వెలుతురు సగమే కనిపించింది, లోపల గోధుమరంగు జిగురు. జాయింటుకు లోపమేమీ లేదు. జెట్ శుభ్రం చేయించి, ఇంజను బాగా వేడెక్కాక స్క్రూను రెండు చుట్ల దగ్గర సరిచేయించాను. గత వారం రోజులుగా చోక్‌తో రెండో కిక్కుకే అందుకుంటోంది, మా సందు మలుపు దాటేలోపే చోక్ తీసేయగలుగుతున్నాను. మైలేజీ మాత్రం పెరిగినంతా పోయింది. వేసవి రాగానే స్క్రూను మళ్లీ ఒక చుట్టు విప్పించుకుంటే తప్పా?

ఆటోనగర్ పాతకాపు:

తప్పే. ఎండాకాలంలో స్టార్టింగ్ ఇబ్బంది తెలియదు గానీ, మిశ్రమం పలచనైతే ఇంజను ఎక్కువ వేడెక్కుతుంది. రోహిణి కార్తె ఎండలో యార్డు నుంచి తిరిగివస్తూ ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఆ సంగతి తెలుస్తుంది. రెండు చుట్ల దగ్గరే వదిలేయండి. మైలేజీ కావాలంటే టైర్లలో గాలి, చైను బిగువు, బ్రేకు పట్టేస్తోందా లేదా చూసుకోండి. చోక్ లివరు పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో కూడా చూడండి. అది కొంచెం మిగిలిపోయినా ప్లగ్గు నల్లబడి, ఈసారి వేడి బండి స్టార్ట్ కావడం లేదని అడగాల్సి వస్తుంది.