ఫాల్గుణ చైత్రాల్లో నాగావళి ఒడ్డున ఒక్క రోజులోనే ఇన్ని మార్పులు ఎందుకు వస్తాయి?

ప్రశ్న: రాయగడ గృహిణి

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నం నుంచి రాయగడకు వచ్చి రెండేళ్ళు కావస్తున్నది. మా ఇల్లు నాగావళికి బాగా దగ్గర. డాబా మీద నిలబడితే ఏరు కనిపిస్తుంది. సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన దాన్ని కనుక, పొద్దున్న ఉన్న వాతావరణమే కొద్దిపాటి తేడాతో సాయంత్రం దాకా ఉండడం నాకు అలవాటు. ఇక్కడ మాత్రం శివరాత్రి దాటింది మొదలు ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళ వరకు, ఒక్కొక్క రోజు మూడు కాలాలను చూపించి గానీ పొద్దు గుంకదు.

మొన్న గురువారం సంగతి చెబుతాను. తెల్లవారుజామున ఐదున్నరకు డాబా ఎక్కితే ఏటి పొడవునా పొగమంచు పరచుకొని ఉంది. అవతలి గట్టు కనిపించలేదు. బట్టలు ఆరవేసే తీగ మంచుగడ్డలా తగిలింది. దాని అడుగున నీటి బొట్లు వరుసగా వేలాడుతున్నాయి. ఎనిమిదిన్నరకల్లా మంచు విడిపోయింది. పది గంటలకు పాత చీర పరచి, నాలుగు అంచుల మీదా ఇటుకలు పెట్టి, గుమ్మడి వడియాలు పెట్టాను. పన్నెండు దాటేసరికి డాబా మీద చెప్పులు లేకుండా కాలు మోపలేకపోయాను. మూడున్నరకు పడమటి కొండల మీద నల్లగా మబ్బు పట్టింది. నేను మెట్లెక్కేలోపే ఈదురుగాలి వచ్చి ఇటుకలను దొర్లించి, చీరను వడియాలతో సహా పిట్టగోడకు చుట్టేసింది. తరువాత శనగగింజలంత వడగళ్ళు పది నిమిషాలు పడ్డాయి. ఆరు గంటలకు ఆకాశం తేటపడింది. మా అత్తగారు మళ్ళీ శాలువా కప్పుకున్నారు.

ఏరు పక్కన ఉంటే ఇంతేనని ఆవిడ అంటారు. ఏట్లో ఇప్పుడు నీళ్ళు రెండు మూడు పాయలకు మించి లేవు. ఆ కాస్త నీరే ఇంత పని చేస్తుందా? ఇటువంటి రోజును పొద్దున్నే గుర్తుపట్టే మార్గం ఏదైనా ఉందా? ఆ రోజు ఫోనులో చూస్తే ఎండ కాస్తుందనే చూపించింది.

సమాధానం: విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు, గుణుపురం

అమ్మా, మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. ఏరు కారణమే, కాని ఏరొక్కటే కాదు. వంశధార ఒడ్డున నలభై ఏళ్ళుగా ఇవే ఉదయాలను, ఇవే సాయంత్రాలను చూస్తున్నాను. ఈ కాలంలో మన లోయల్లో తెల్లవారుజాము కొండది, మధ్యాహ్నం ఇసుకది, సాయంత్రం సముద్రానిది. ఒకరి తరువాత ఒకరు వంతు తీసుకుంటారు కనుకనే మీకు ఒక్క రోజులో మూడు కాలాలు కనిపిస్తున్నాయి.

ముందు తెల్లవారుజాము సంగతి చూద్దాం. ఫాల్గుణంలో రాత్రిపూట ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటుంది. మబ్బుల దుప్పటి లేకపోవడం వల్ల నేల పగలు దాచుకున్న వేడిని తొందరగా వదిలేస్తుంది. కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి, నీరు పల్లానికి జారినట్టే కిందికి జారి లోయ అడుగున నిలుస్తుంది. రాయగడ సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున, చుట్టూ తూర్పు కనుమల కొండల నడుమ ఉంది కనుక ఆ చల్లగాలికి బయటికి పోయే దారి తక్కువ. ఎత్తుకు వెళ్ళే కొద్దీ చల్లదనం పెరగడం లోకసహజం, కాని ఇటువంటి తెల్లవారుజాముల్లో అది తారుమారై, లోయ అడుగున చలి ఎక్కువగా, కొంత పైన వెచ్చగా ఉంటుంది. ఏటి నీరు మాత్రం రాత్రంతా గాలి కంటే వెచ్చగానే ఉంటుంది. దాని మీది నుంచి లేచిన ఆవిరి ఆ చల్లగాలిలో కలవగానే పొగమంచుగా మారుతుంది. మీరు చూసిన మంచు ఊరంతా కమ్మకుండా ఏటి పొడవునా సాగడానికి కారణం అదే. ఆ పని చేయడానికి రెండు పాయల నీరు చాలు.

దీనికి ఋజువు కావాలంటే రేపు పొద్దున్న పొయ్యి పొగను చూడండి. ఏడు గంటల ప్రాంతంలో అది ఇంటి కప్పుల మీదుగా కొంత ఎత్తు లేచి, అక్కడ ఏదో మూత తగిలినట్టు ఆగి, అడ్డంగా పరచుకుంటుంది. ఎండ నేలను వేడెక్కించిన తరువాత ఒక సమయంలో ఆ మూత విడిపోయి, పొగ నేరుగా పైకి సాగిపోతుంది. మీ పొగమంచు విడిపోయే వేళా అదే. నేను పాఠం చెప్పే రోజుల్లో పిల్లలను గట్టు మీదికి తీసుకువెళ్ళి ఈ ఒక్క దృశ్యం చూపించేవాడిని. పుస్తకంలో పది పేజీలు చదివినా అంత స్పష్టంగా తెలియదు.

మధ్యాహ్నం విషయంలో మీ ప్రశ్నే సగం జవాబు. ఏట్లో నీళ్ళు లేవన్నారు. నీళ్ళు లేనిచోట ఉన్నది ఇసుక. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడితో సుమారు ఐదు కిలోల పొడి ఇసుకను అంతే వేడెక్కించవచ్చు. పైగా ఇసుకలో ఎండ వేడి పైపొరలోనే నిలిచిపోతుంది. కార్తీకంలో గట్టు నుంచి గట్టుకు పారే నాగావళి పక్కింటికి చల్లదనం ఇస్తుంది, ఫాల్గుణంలో అదే నాగావళి వేడి పెనంలా ఉంటుంది. దీనికి తోడు పొద్దుటి మూత తొలగిపోయాక, పడమటి నుంచి వీచే పొడిగాలి కిందికి కలిసివచ్చి చెమ్మను లాగేస్తుంది. వడియాలు బాగా ఎండేది ఆ వేళలోనే.

ఇక సాయంత్రం. మీకు సముద్రం వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నా, దాని చెయ్యి రాయగడ దాకా చాచుకునే ఉంటుంది. వేడెక్కిన నేల మీద పీడనం తగ్గగానే బంగాళాఖాతం నుంచి తేమగాలి లోపలికి వస్తుంది. కళింగ తీరం వైపు తెరుచుకున్న నాగావళి, వంశధార లోయలు దానికి దారులవుతాయి. కింద తేమగాలి, పైన పడమటి పొడిగాలి, అడుగున మండే నేల కలిస్తే గాలి నిట్టనిలువుగా పైకి లేస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలకల్లా పది కిలోమీటర్లకు మించిన ఎత్తుకు పెరిగిన క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం నిలబడుతుంది. అంత ఎత్తున నీటిబొట్లు గడ్డకట్టి, పైకి తోసే గాలి మోయగలిగినంత సేపు పెరిగి, చివరికి వడగళ్ళుగా పడతాయి.

మీ ఇటుకలను దొర్లించిన గాలి కూడా ఆ మేఘంలోనిదే. మేఘం నుంచి జారే చినుకుల్లో కొన్ని దారిలోని పొడిగాలిలో ఆవిరైపోతాయి. ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాగుతాయి కనుక ఆ గాలి ఒక్కసారిగా చల్లబడి, బరువెక్కి, నేల మీద పడి నలువైపులా పరుగెత్తుతుంది. అందువల్లనే ముందు దుమ్ముతో గాలి, ఆ వెనుక వాన వస్తాయి. కొద్ది నిమిషాల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల దాకా పడిపోయిన రోజులున్నాయి. ఒడియా వారు దీనిని కాలబైశాఖి అంటారు. పేరులో వైశాఖం ఉన్నా, తొలి గాలులు ఫాల్గుణంలోనే మొదలవుతాయి.

ఫోనులో కనిపించే అంకె విశాలమైన ప్రాంతానికంతటికీ కలిపి లెక్కించినది. మీ వీధి మీద అరగంట నిలిచి వెళ్ళిపోయే మేఘం దానికి చిక్కడం కష్టం.

సమాధానం: రైతు, పర్లాకిమిడి దగ్గరి పల్లె

మాస్టారు కారణాలన్నీ చెప్పారు కనుక నేను గుర్తుల సంగతి మాత్రం రాస్తాను. మినుము కళ్ళంలో ఉన్నన్నాళ్ళూ, ఇప్పపూలు వాకిట్లో ఆరుతున్నన్నాళ్ళూ నాకు ఆకాశం చూడడమే పని.

మా ఇంట్లో కల్లుప్పు జాడీ ఉంది. పొద్దున్న పదకొండు గంటల వేళ మూత తీసి వేళ్ళతో తడుముతాను. ఉప్పు గలగలలాడుతూ ఉంటే పడమటి గాలి నడుస్తున్నదని, చెమ్మగిల్లి వేళ్ళకు అంటుకుంటే సముద్రపు గాలి వచ్చిందని అర్థం. శుద్ధి చేసిన ప్యాకెట్టు ఉప్పుతో ఇది అంత బాగా తెలియదు. కల్లుప్పులో కలిసి ఉండే మెగ్నీషియం లవణాలే చెమ్మను తొందరగా పీలుస్తాయని మా అబ్బాయి చెప్పాడు. ఉప్పు చెమ్మగిల్లిన రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు వాయవ్యం వైపు చూడాలి. కాలీఫ్లవర్ పువ్వు లాగా గట్టి అంచులతో మబ్బు తలలు పెరుగుతూ ఉంటే, గాలి ఆగిపోయి ఉక్కపోత మొదలైతే, ఆరబెట్టినవన్నీ లోపలికి చేర్చుకోవాలి. ఈ మేఘాలు ఎక్కువగా పడమర, వాయవ్యాల నుంచి సముద్రం వైపు నడుస్తాయి కనుక మీ రాయగడలో కురిసినది చాలాసార్లు గంటకో రెండు గంటలకో మా వైపు వస్తుంది.

వడియాలు పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు, అమ్మా. నన్ను భయపెట్టేది పిడుగు. ఒడిశా ప్రభుత్వం 2015లో పిడుగుపాటును రాష్ట్ర విపత్తుగా ప్రకటించిందంటే ఇక్కడ అది ఎంతమందిని తీసుకుపోతున్నదో ఆలోచించండి. మెరుపు కనిపించిన క్షణం నుంచి ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ముప్పై లోపే ఉరుము వినిపిస్తే వెంటనే ఇంట్లోకి వెళ్ళాలి. చివరి ఉరుము తరువాత అరగంట దాకా డాబా ఎక్కకూడదు. చీర తీయడానికి మెట్లెక్కుతున్నానని మీరు రాసినది చదివి నాకు గుండె ఝల్లుమన్నది. దామిని యాప్ ఫోనులో పెట్టుకోండి. చుట్టుపక్కల 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడే సూచన ఉంటే అది చెబుతుంది.

సమాధానం: సిరొంచ వాసి, గడ్చిరోలి జిల్లా

మాది ప్రాణహిత ఒడ్డు. ఇక్కడి ఫాల్గుణం కూడా దాదాపు ఇంతే. తెల్లవారి ఏటి మీద మంచు, మధ్యాహ్నం ఇసుకలో నిప్పులు, ఒక్కొక్క సాయంత్రం గాలివాన. అయితే మాస్టారి మాటకు ఒక చేర్పు అవసరమనుకుంటున్నాను. తేమ ఎప్పుడూ నేలను అంటిపెట్టుకొని, లోయల వెంటే రాదు. కొన్ని రోజుల్లో అది నేల మీదుగా కాక, కిలోమీటరు పైబడిన ఎత్తున ప్రయాణిస్తుంది. ఉత్తరాన పశ్చిమ అలజడులు, అంటే పడమటి నుంచి మబ్బును, వానను తెచ్చే గాలి వ్యవస్థలు, నడిచే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మధ్య భారతం మీద పడమటి చల్లని పొడిగాలి, బంగాళాఖాతం తేమగాలి ఎదురెదురుగా వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. 2014లో ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా మహారాష్ట్రలో ఎన్నో జిల్లాల పంటలను వడగళ్ళు నేలమట్టం చేసినది ఇటువంటి కలయికలోనే.

అటువంటి రోజున ఉప్పు పొడిగానే ఉంటుంది, చెమట కూడా పట్టదు, అయినా మేఘం కమ్ముకుంటుంది. అప్పుడు పనికివచ్చే గుర్తు తెల్లవారి ఆకాశం. పొద్దు పొడవకముందే నడిమి ఎత్తున చిన్న చిన్న మబ్బులు వరుసకట్టి, వాటి పై అంచులు కోట బురుజుల్లా లేచి ఉంటే, పైగాలిలో అప్పటికే కలత ఉన్నట్టు. మధ్యాహ్నమైన తరువాత భారత వాతావరణ శాఖ జిల్లాల వారీగా మూడు గంటల వ్యవధికి ఇచ్చే తక్షణ హెచ్చరికను, దాని తీవ్రతను చెప్పే రంగుతో సహా చూసుకోండి. పొద్దున్న చూసిన అంచనా కంటే అది ఎంతో నమ్మదగినది.

తిరిగి రాయగడ గృహిణి

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఐదు రోజులు ఆగి, చూసినది రాస్తున్నాను. పొగ సంగతి మాస్టారు చెప్పినట్టే ఉంది. మా వెనకింటి కట్టెల పొయ్యి పొగ కొబ్బరిచెట్టు మొవ్వు ఎత్తుకు లేచి, అక్కడి నుంచి ఏటి వైపు పరచుకున్నది. ఎనిమిదీ నలభైకి నేను చూస్తుండగానే నిటారుగా నిలిచింది. మా అత్తగారిని పిలిచి చూపించాను. ఆవిడ చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

ఆదివారం పదకొండుకు కల్లుప్పు వేళ్ళకు అంటింది. రెండు గంటలకే అన్నీ లోపలికి తెచ్చేశాను. నాలుగూ పదికి దుమ్ముతో గాలి వచ్చింది, నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. మంగళవారం మాత్రం ఉప్పు గలగలలాడుతూనే ఉన్నా సాయంత్రం ఉరిమింది. సిరొంచ వారు చెప్పిన రోజు అదేననుకుంటాను. ఆ వేకువన నేను ఆకాశం చూడలేదు. ఉరుము దాకా పదహారు లెక్కపెట్టగలిగాను, డాబా ఎక్కలేదు. ఒక్క సందేహం మిగిలింది. మబ్బు లేని రోజున వడియాలను రాత్రికి డాబా మీదే వదిలేయవచ్చా?

తిరిగి విశ్రాంత ఉపాధ్యాయుడు, గుణుపురం

వద్దమ్మా. మబ్బు లేని రాత్రే నేల ఎక్కువ చల్లబడుతుంది, మంచు పడేది ఆ రాత్రే. మీ తీగకు వేలాడిన బొట్లే వడియాల మీదా చేరి, పగలంతా ఎండినవి తెల్లవారేసరికి మెత్తబడి బూజు పట్టే ప్రమాదం ఉంది. పొద్దు వాలకముందే చీరతో సహా చుట్టి లోపలికి తెచ్చుకొని, మరునాడు పొగ నిటారుగా లేచిన తరువాత పరచండి.