అప్‌డేట్: పోర్చుగీసు ‘ఫికార్’ చిక్కు వీడింది

లిస్బన్ వచ్చిన కొత్తలో అడిగాను కదా, ‘ఫికార్’ అంటే ‘ఉండు’ అని యాప్ చెప్తోంది, బయట మాత్రం ప్రతి చోటా వేరే అర్థంలో వినిపిస్తోంది, ఎలా నేర్చుకోవాలి అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఒక్క సలహానే: అర్థం వెతకొద్దు, తెలుగులో ‘-పోవు’, ‘పడు’లతో పోల్చి చూడు అన్నది. ‘ఫికెయ్ ఎం కాజ’ ఇంట్లో ఉండిపోయాను, ‘ఫికెయ్ దుఎంత్’ జబ్బు పడ్డాను. మనకి ఇలాంటివి పుట్టుకతో వచ్చినవే కదా!

ఇది అన్నిటికీ అతకదు. చెప్పుల షాపులో ‘ఫీకు కోం ఎష్త్’ అంటే ‘ఈ జత తీసుకుంటాను’. దీన్ని మాత్రం మొత్తంగా బట్టీ పట్టాను.

అసలు తప్పు టీచర్ పట్టుకున్నారు. ఫోన్ కనబడక ‘ఓంద్ ఫీక’ (ఎక్కడుంది) అని అడిగితే నవ్వేశారు. అది మందుల షాపు, స్టేషన్ లాంటి కదలని వాటికట. ఫోన్‌కి, మనిషికి ‘ఓంద్ ష్టా’ అనాలి.

ఈ క్రియ రూపాలన్నిటికీ పట్టిక బట్టీ పట్టాలేమో అని భయపడ్డాను, అదీ అనవసరం. ఇది మామూలు నియమాల ప్రకారం నడిచే క్రియే. ‘ఫికెయ్’లో రాతలో ‘సీ’ అక్షరం బదులు ‘క్యూ, యూ’ వస్తాయి, అంతే. పోర్చుగీసే మాట్లాడే బ్రెజిల్‌లో ఈ మాట వాడకం వేరేనా అన్న నా సందేహం కూడా దండగే. కాకపోతే అక్కడ ‘ఫలానా వాళ్లతో ఫికార్’ అంటే ముద్దుల దాకా వెళ్లిన సరదా పరిచయం, కాస్త చూసుకుని వాడండి.