జంధ్యాల రచయితగానే గొప్పవారా? దర్శకుడిగా ఆయన్ని తక్కువ చేస్తున్నామా?

రీలుపెట్టె:
నా మాట కొందరికి నచ్చదని తెలుసు, అయినా అడుగుతున్నాను. మొన్న శనివారం ‘సాగర సంగమం’ (1983) చూశాను. మాటలు జంధ్యాల, దర్శకత్వం విశ్వనాథ్. మర్నాడే ‘రెండు రెళ్ళు ఆరు’ (1986) పెట్టాను. దీనికి మాటలూ దర్శకత్వమూ రెండూ జంధ్యాలే. విశ్వనాథ్ గారి చేతిలో ఆయన మాటకి ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం ఉంటుంది. మాట పడ్డాక అది మనలో దిగేదాకా ఆగుతారు. జంధ్యాల తనే తీస్తే ఆ ఆగడం ఉండదు. ఒకరు ముగించకముందే ఇంకొకరు అందుకుంటారు. కెమెరా ఒకచోట కూర్చుంటుంది, మనుషులు వచ్చి నిలబడి మాట్లాడి వెళ్తుంటారు. ‘ఏక్ దిన్ కా సుల్తాన్’, ‘గుండెలు మార్చబడును’ లాంటి నాటకాలు రాసి వచ్చిన మనిషి కదా, సినిమాకొచ్చినా స్టేజీ దిగలేదనిపిస్తుంది.

‘అడవి రాముడు’కీ ఆయనే, ‘వేటగాడు’కీ ఆయనే, ‘శంకరాభరణం’కీ ఆయనే మాటలు రాశారు. ఒకే పెన్ను అంటే నమ్మబుద్ధి కాదు. ఆ మనిషి రచయితగానే ఉండిపోయి ఉంటే మనకి ఇంకో పది మంచి సినిమాలు దక్కేవేమో.

గోడగడియారం:
"స్టేజీ దిగలేదు" అన్నారే, అక్కడే నాకు పేచీ.

‘అహ నా పెళ్ళంట’ (1987) తీసుకోండి. పిసినారి లక్ష్మీపతి భోజనానికి కూర్చుంటాడు. విస్తట్లో ఉన్నది ఉత్త అన్నం. ఎదురుగా కోడిని వేలాడదీసుకున్నాడు. దాన్ని చూస్తూ ముద్ద కలుపుతాడు, చూస్తూ నోట్లో పెట్టుకుంటాడు. కోట శ్రీనివాసరావు మొహంలో నిజంగా కోడికూర తింటున్నవాడి తృప్తి. ఆ సీను గుర్తుకు రాగానే మనకి ముందు కళ్ళముందుకొచ్చేది ఆ కోడి, ఆ చూపు. అక్కడ ఏం మాట్లాడాడో తర్వాత గుర్తొస్తుంది. బట్టలు అరిగిపోతాయని న్యూస్‌పేపరు చుట్టుకుని తిరగడమూ అంతే, బొమ్మతో పుట్టిన హాస్యం. ఇంట్లో సౌండు తీసేసి ఒకసారి చూడండి, నవ్వు వస్తుందో రాదో.

ఇంకో సంగతి. కాలేజీలో వార్షికోత్సవానికి మేం నలుగురం ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984) నుంచి ఒక సీను ఎత్తి స్కిట్‌గా వేశాం. శ్రీలక్ష్మి చూసొచ్చిన సినిమా కథని టైటిల్స్ దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్తుందే, అది. అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టాం. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. మాకు అర్థం కాలేదు. తర్వాత క్యాసెట్ తెచ్చుకుని మళ్లీ చూశాను. ఆవిడ ఎక్కడా నవ్వించాలని చూడదు. చాలా ముఖ్యమైన సమాచారం ఇస్తున్నట్టు, ఎదుటివాడు అది వినకపోతే నష్టపోతాడన్నట్టు చెప్తుంది. మేమేమో ప్రతి మాటకీ జనం వైపు చూసి పళ్లికిలించాం. పేపరు మీద ఉన్నవి మాటలే. ఆ నమ్మకం, ఆ స్పీడు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది ఎవరు చెప్పి చేయించారు? దాన్నే నేను దర్శకత్వం అంటాను.

కెమెరా కదలదన్నారు. నవ్వు పుట్టేది మాట అన్నవాడి దగ్గరే కాదు, విన్నవాడి మొహంలో కూడా. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉంటేనే ఆ తాళం కుదురుతుంది. మాటకో ముక్క చొప్పున కట్ చేసి అతికిస్తే టైమింగ్ ఎడిటర్ చేతికి పోతుంది. ఆయన దాన్ని నటుల చేతికే వదిలారు.

వెనక బెంచీ:
ఇద్దరిదీ చదివాను. నా బాధ వేరు. ఆయన పాత్రల్లో చాలావాటికి మనిషికో పిచ్చి ఉంటుంది. ఒకడికి తిట్ల పిచ్చి, ఒకరికి సినిమా పిచ్చి, ఒకరికి కవిత్వం పిచ్చి. ‘చంటబ్బాయ్’ (1986)లో పత్రికాఫీసు మీద శ్రీలక్ష్మి కవితలతో దాడి చేస్తుంటే కడుపుబ్బ నవ్వుతాం. పదో సినిమాలో అదే పద్ధతి వస్తే? పైగా ఆడవాళ్లు హాస్యంలోకి వస్తే వంట పాడుచేసేవాళ్లో, బుర్ర తినేవాళ్లో అవుతారు. ఆయన సినిమాల్లో బూతు లేదని మా ఇంట్లో అందరం కలిసి చూసేవాళ్లం, దానికి ఎప్పటికీ కృతజ్ఞత ఉంది. అయినా ఈ లోటు లోటే.

గోడగడియారం:
వెనక బెంచీ గారూ, ఆడవాళ్ల సంగతి ఒప్పుకుంటున్నాను. శ్రీలక్ష్మిలాంటి నటికి ఇంకా పెద్ద పాత్రలు రాయగలిగిన చేయి అది, రాయలేదు. పిచ్చి పాత్రల విషయంలో మాత్రం ఒక్క మాట. ఆ పిచ్చి ఎవరికి అతుకుతుందో కనిపెట్టే కన్ను మామూలుది కాదు. అప్పటిదాకా కోటని అందరూ విలన్‌గానే చూస్తున్నారు. లక్ష్మీపతి వేషానికి నిర్మాత రామానాయుడు గారి మనసులో రావు గోపాలరావు ఉన్నారనీ, జంధ్యాల పట్టుబట్టి తనకి ఇప్పించారనీ కోట స్వయంగా చెప్పుకున్నారు. అత్తిలిలో లెక్చరరుగా ఉన్న బ్రహ్మానందం అదే సినిమాతో అరగుండుగా జనంలోకి వెళ్లారు. విజయవాడ రేడియోలో పనిచేసిన వీరభద్రరావు, ఆయన పక్కన వేలు అనే నటుడు, ‘నాలుగు స్తంభాలాట’ (1982)తో ఇద్దరికీ ‘సుత్తి’ ఇంటిపేరైపోయింది. నరేష్ హీరో అయిందీ అందులోనే. ప్రదీప్, పూర్ణిమ అంతకుముందు ఏడాది ‘ముద్ద మందారం’తో వచ్చారు. పెద్ద హీరోలకి రాసి హాయిగా బతకగలిగిన రచయిత, కొత్త మొహాలతో చిన్న సినిమాలు తీయడానికి పూనుకున్నాడంటే ఆ మనిషిలో దర్శకుడు ఊరుకోలేదనే కదా.

మల్లెపందిరి:
అందరూ హాస్యం దగ్గరే ఆగిపోయారు. ‘ఆనంద భైరవి’ మాటేంటండీ? కూచిపూడి మీద, గురువుగా గిరీష్ కర్నాడ్‌ని పెట్టి తీశారు. ‘పడమటి సంధ్యారాగం’ (1987) అమెరికాలో తీశారు. కూతురు తెల్లబ్బాయిని ప్రేమిస్తే తండ్రి గుమ్మలూరి శాస్త్రి పడే అవస్థని ఎక్కడా వెక్కిరించలేదు. ఆ తండ్రి తప్పని మనకి తెలుస్తూనే ఉంటుంది, అయినా జాలి పోదు. రీలుపెట్టె గారు అడిగిన నిశ్శబ్దం అందులో ఉంది. ‘హాస్యబ్రహ్మ’ అని బిరుదిచ్చి ఆయన్ని ఒక గదిలో పెట్టి తాళం వేసింది మనమే.

రీలుపెట్టె:
మల్లెపందిరి గారూ, ‘పడమటి సంధ్యారాగం’ నేను మర్చిపోయిన మాట నిజం. అది నా వాదనకి అడ్డమే.

గోడగడియారం గారు చెప్పినట్టు సౌండు తీసేసి చూశాను. కోడి సీను నిలబడింది. మా అబ్బాయికి కథ తెలియదు, వాడూ పక్కన కూర్చుని నవ్వాడు. అదే పని ‘రెండు రెళ్ళు ఆరు’తో చేశాను. పది నిమిషాలు కూడా చూడలేకపోయాను. పెదాలు కదులుతున్నాయి, అంతే. కాబట్టి నా ప్రశ్న సగం మిగిలే ఉంది. అంత బొమ్మ కట్టగలిగిన మనిషి అన్నిసార్లూ ఎందుకు కట్టలేదు? 1990ల్లో ‘బాబాయ్ హోటల్’ తర్వాత ఎందుకు అంత పలచబడ్డారు?

గోడగడియారం:
రెండోదానికి నాకు తోచింది చెప్తాను. ఆయన గొంతులకి రాసేవారు. ఫలానా గొంతు ఫలానా మాటని ఎలా పలుకుతుందో ముందే చెవిలో వినబడితే తప్ప ఆ స్పీడు రాయడం సాధ్యం కాదు. వీరభద్రరావు 1988లో పోయారు. రేడియోలో పదునుపడిన ఆ గొంతు పోవడంతో, విసుక్కునే పెద్దమనిషి పాత్ర రాసుకోవడానికి మనిషి లేకుండా పోయాడు. ఆ తర్వాత సినిమాల్లో మాట అదే జోరున నడుస్తుంది, మోసే గొంతు ఉండదు. 2001 జూన్‌లో జంధ్యాల కూడా వెళ్లిపోయారు, యాభై ఏళ్లకే. ఇంకో జట్టుని తయారుచేసుకునే టైమ్ దొరకలేదు.

మొదటి ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వెంటవెంటనే సినిమాలు తీశారు, అన్నీ ఒకే శ్రద్ధతో తీయలేదు. అది దాచను. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఈసారి సౌండు పెట్టుకునే ‘శ్రీవారికి ప్రేమలేఖ’ చూడండి. శ్రీలక్ష్మి కథ చెప్తున్నంతసేపూ ఆవిణ్ణి చూడకండి, వింటున్నవాళ్లనే చూడండి. చూశాక మళ్లీ రాయండి.